అప్పు పత్రం మీద సంతకానికి ముందు

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. కొంతకాలంగా హార్మోన్లు వాడుతున్నాను. ఆపరేషన్‌కు ప్రైవేటు ఆసుపత్రిలో మూడు లక్షలు దాటుతుందన్నారు. తెలిసినవాళ్లు నూటికి నాలుగు రూపాయల వడ్డీకి అప్పిస్తామంటున్నారు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టమంటున్నారు. ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా? – ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆ నోటు మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను. అప్పుకు పోకముందు మీరు అడగవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి.

ఇది దయతో ఇచ్చే సాయం కాదు, చట్టం ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసులో ఇచ్చిన తీర్పు ట్రాన్స్‌జెండర్లకు ఆసుపత్రుల్లో తగిన వైద్యం అందించాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తర్వాత 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్లో లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, వాటికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని రాశారు. ఈ ఖర్చులకు, లేజర్ చికిత్సతో సహా, బీమా పథకం తేవాలని కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఎప్పటిలోగా తేవాలో మాత్రం రాయలేదు. గడువు పెట్టని బాధ్యత ఏ కార్యాలయంలోనైనా ఎలా నడుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఒక పథకం వచ్చింది. 2022 ఆగస్టు 24న జాతీయ ఆరోగ్య సంస్థ, కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఒప్పందం కుదుర్చుకుని ‘ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్’ ప్రకటించాయి. ఒక్కో ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం, అందులో లింగమార్పిడి ఆపరేషన్ కూడా ఉంటుంది. దీనికి రెండు షరతులు: జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్ ద్వారా పొందిన గుర్తింపు పత్రం ఉండాలి, ఇదే లబ్ధి ఇంకో ప్రభుత్వ పథకం కింద పొందుతూ ఉండకూడదు. పథకంలో చేరిన ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా వెళ్లవచ్చు.

ఈ పథకం కార్డు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆ ఆపరేషన్ చేయగల సర్జన్ ఉండి, పథకంలో కూడా చేరిన ఆసుపత్రి దొరకాలి. చిక్కంతా అక్కడే. 14555కు ఫోన్ చేసి, మీకు దగ్గరలో ఏ ఆసుపత్రి ఈ ప్యాకేజీకి ఒప్పుకుంటుందో అడగండి. రాష్ట్ర పథకాల సంగతి, అంటే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ గురించి, 104లో కనుక్కోండి. ఫోన్లో తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అదే ప్రశ్న రాతపూర్వకంగా అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇంకో జాగ్రత్త: టీజీ ప్లస్ నగదు రహిత పథకం. ముందు మీరు డబ్బు కట్టేసి, తర్వాత బిల్లులు పట్టుకెళితే తిరిగి ఇవ్వరు. అనుమతి వచ్చాకే ఆసుపత్రిలో చేరండి.

గుర్తింపు పత్రం ఇచ్చేది కలెక్టర్. దరఖాస్తు పోర్టల్లోనే పెట్టుకోవచ్చు. 2020 నాటి నిబంధనలు ముప్పై రోజుల్లో పత్రం ఇవ్వాలన్నాయి. దరఖాస్తుదారు ఆ జిల్లాలో ఏడాదిగా నివసిస్తూ ఉండాలన్నాయి. తిరస్కరిస్తే కారణం చెప్పాలని, దాని మీద తొంభై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని కూడా రాశారు. ఈ చట్టానికీ నిబంధనలకూ సవరణలు వస్తే అడిగే పత్రాలు మారతాయి. కాబట్టి స్నేహితులు నిరుడు నింపిన ఫారం చూసి నింపకండి, ఆ రోజుకు అమల్లో ఉన్నదే చూసుకోండి. ఇల్లు వదిలి వేరే ఊళ్లో ఉంటున్నవాళ్లకు చిరునామా రుజువు దగ్గరే పని ఆగిపోతుంది. అద్దె ఒప్పందమో, బ్యాంకు పాస్‌బుక్కో ఇప్పుడున్న చిరునామాతో ముందే సిద్ధం చేసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

ఈ గుర్తింపు పత్రం ఒక్క ఆపరేషన్‌కే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. తెలంగాణలో 2023 జులైలో హైకోర్టు, నిజాం కాలపు హిజ్రాల చట్టాన్ని కొట్టివేస్తూ, ట్రాన్స్‌జెండర్లను ఆసరా పింఛన్లలో చేర్చాలని చెప్పింది. పింఛనుతో ఆపరేషన్ కాదు గానీ, హార్మోన్లకూ రక్తపరీక్షలకూ నెలనెలా అయ్యే ఖర్చుకు అక్కరకొస్తుంది. ఇక ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్లు కుదరవని ఎవరైనా అంటే నమ్మకండి. పక్కనున్న తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేయిస్తోంది. మన దగ్గర లేనిది పట్టుదలే.

మీకు ఉద్యోగం ఉందో లేదో రాయలేదు. ఉంటే కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా పాలసీ తీసి చదవండి. సొంతంగా కొనుక్కునే పాలసీల్లో సాధారణంగా ‘మినహాయింపు 07’ అనే షరతు ఉంటుంది: లింగమార్పిడికి సంబంధించిన ఏ చికిత్సకూ డబ్బివ్వం అని. బీమా నియంత్రణ సంస్థ 2019లో మినహాయింపులన్నిటికీ ఒకే భాష ఖరారు చేసినప్పుడు ఇది కూడా అందులో చేరింది. అదే ఏడాది వచ్చిన చట్టమేమో ఈ ఖర్చుకు బీమా తెమ్మంది! గ్రూపు పాలసీలో మాత్రం యాజమాన్యం మాట్లాడి ఈ షరతు తీసేయించవచ్చు, కొన్ని పెద్ద కంపెనీలు తీయించాయి కూడా. హెచ్చార్‌కు ఈమెయిల్లో అడగండి. పీఎఫ్ ఖాతా ఉంటే, పెద్ద ఆపరేషన్‌కు అందులోంచి కొంత తీసుకునే వీలుంది. అది మీ డబ్బే, వడ్డీ లేదు.

విరాళాలు సేకరించుకోవడం తప్పు కాదు. కానీ బంధువులు కానివారి నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి వస్తే, వచ్చినదంతా మీ ఆదాయంలో కలుస్తుంది. పన్ను పడుతుందా లేదా అన్నది మీ మిగతా ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపితే, భారత పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాంకు ద్వారా పంపిన సొంత డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర తీసుకునే ముందు మాత్రం ఆడిటర్‌ను అడగండి.

ఇప్పుడు నోటు సంగతి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెడితే, దాన్ని నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది. మూడు లక్షలు తీసుకుని ఎనిమిది లక్షలకు కోర్టులో నిలబడే గతి పడుతుంది. ఖాళీ చెక్కు ఇచ్చినా అంతే, అది బౌన్సయితే క్రిమినల్ కేసు. తీసుకోక తప్పకపోతే అసలు, వడ్డీ, తేదీ మీ చేత్తో నింపి, డబ్బు బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. వ్యాపారం పేరు చెప్పి ముద్రా రుణం తీసుకుని ఆపరేషన్‌కు వాడటం ఇంకో తప్పుదారి. అప్పిచ్చేది హిజ్రా సంఘంలోని గురువైనా, జమాత్ పెద్దలైనా, ఆ అప్పు తీరేదాకా బస్తీకి (అడుక్కోవడానికి) వెళ్లాల్సిందే, ఒళ్లమ్ముకోవాల్సిందే అని కట్టడి చేస్తే అది వెట్టి. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీకి మూలమైన బాకీని రద్దు చేస్తుంది. 2019 చట్టం 18వ సెక్షన్ కింద, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి చేత బలవంతంగా చాకిరీ చేయించడం నేరం. గురువులందరూ ఇలాంటివారని నేననను. ఇంట్లోంచి గెంటేసినవాళ్లకు అన్నం పెట్టింది వాళ్లే.

తక్కువలో అయిపోతుందని ఎవరి చేతిలోనూ పడకండి. 2022లో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఫార్మసీ విద్యార్థులు ఈ ఆపరేషన్‌కు పూనుకుంటే ఒక మనిషి ప్రాణం పోయింది.

ఆసుపత్రి కాదంటే, ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే మీరే తేదీ వేసి అర్జీ పెట్టండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు, గుర్తింపు పత్రం, ఆసుపత్రి చీటీ మూడూ పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి వాళ్లు ఉచితంగా వకీలును ఇస్తారు, హైకోర్టులో రిట్ వేయడానికి కూడా. ఆ సంస్థ టోల్ ఫ్రీ నంబరు 15100.