నీటి మీద నిలిచిన వెనిస్: ఈ నెల మీ పిల్లలతో కలిసి చదవండి



షేక్‌స్పియర్ నాటకం ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’ పేరు మీ పిల్లలు వినే ఉంటారు. ఆ వెనిస్ ఎలాంటి ఊరో తెలిస్తే పాఠం ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక ఆదివారం అరగంట తీసుకుని, అట్లాస్ ముందు పెట్టుకుని దీన్ని చదివించండి.

ఊరు ఎలా నిలబడింది?

ఇటలీ ఈశాన్య తీరంలో ఒక ఉప్పునీటి సరస్సు ఉంది. అందులోని వందకు పైగా చిన్న దీవులే వెనిస్. వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు ఉన్నాయి. కాలువలే రోడ్లు. అంబులెన్స్ అయినా, చెత్త బండి అయినా పడవే!

రోమన్ సామ్రాజ్యం కూలిపోతున్న కాలంలో దాడులకు భయపడి వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. బురదలోకి చెక్క దుంగలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టి, వాటిపై రాళ్లు పరిచి భవనాలు కట్టారు. చెక్క కుళ్లిపోదా అని పిల్లలు అడుగుతారు. బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి చెక్క చాలా నెమ్మదిగా పాడవుతుంది. చరిత్ర పాఠంలోనే సైన్స్ కూడా ఉందన్నమాట.

వ్యాపారుల రాజ్యం

వెనిస్‌కు రాజు లేడు. ‘డోజ్’ అనే అధిపతిని పెద్ద కుటుంబాలవాళ్లు ఎన్నుకునేవారు. 1797లో నెపోలియన్ వచ్చేదాకా ఆ రిపబ్లిక్ నడిచింది. డోజ్ ప్యాలెస్, సెయింట్ మార్క్స్ చర్చి, 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన ఆనాటి సంపదకు గుర్తులు.

1271లో ఇక్కడి నుంచి బయలుదేరిన మార్కో పోలో 1295లో తిరిగొచ్చాడు. ఆయన గ్రంథంలో మన మోటుపల్లి రేవు, ఒక రాణి పాలన, వజ్రాల ప్రస్తావన ఉన్నాయి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. బాపట్ల జిల్లా మ్యాపులో మోటుపల్లిని వెతికించండి.

పండుగ వెనుక కథ

మాస్కుల కార్నివాల్ అందరికీ తెలిసిందే. జూలైలో జరిగే రెదెంతోరె పండుగ గురించి కూడా చెప్పండి. 1575–77 ప్లేగులో ఊరి జనాభాలో నాలుగో వంతుకు పైగా చనిపోయారు. ఆ ఆపద తొలగాలని మొక్కుకుని చర్చి కట్టారు. ఇప్పటికీ ఏటా నీటిపై తాత్కాలిక వంతెన వేసి, జనం దాని మీదుగా ఆ చర్చికి నడిచి వెళ్తారు.

మనందరికీ తెలిసిన ‘క్వారంటైన్’ అనే మాట కూడా ఇక్కడిదే. రోగం ఉన్న చోట్ల నుంచి వచ్చిన ఓడలను నలభై రోజులు ఆపేవారు. వాళ్ల భాషలో నలభైని ‘క్వరాంతా’ అంటారు.

ఇప్పుడు ఎదురవుతున్న ప్రశ్న

2019 నవంబర్‌లో ఆటుపోటు నీరు 187 సెంటీమీటర్ల మట్టానికి చేరి ఊరిని ముంచేసింది. 2020 నుంచి సముద్ర ముఖద్వారాల దగ్గర 78 ఇనుప గేట్లు లేచి ఆ నీటిని ఆపుతున్నాయి. కానీ గేట్లు ఆపలేనిది మరొకటుంది. 1951 ప్రాంతంలో పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 మంది కూడా లేరు. చాలా ఇళ్లు టూరిస్టుల గదులయ్యాయి. అద్దెలు పెరిగి సొంత ఊరివాళ్లే బయటికి వెళ్లిపోతున్నారు. రద్దీ తగ్గించడానికి 2024లో కొన్ని రోజుల్లో పగటి సందర్శకుల నుంచి 5 యూరోల రుసుము వసూలు చేశారు.

ఇంట్లో చేయించండి

తేదీలు బట్టీ పట్టించొద్దు. ఈ ఒక్క ప్రశ్న అడగండి: “భవనాలు మిగిలి, మనుషులు వెళ్లిపోతే దాన్ని ఊరు అనొచ్చా?” ముందు తెలుగులో మాట్లాడనివ్వండి. తర్వాత అదే జవాబును ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలుగా రాయించి క్లాసుకు పంపండి. తప్పులు మీరు దిద్దొద్దు, అది మా పని. ఆలోచన మాత్రం మీ బాబుది, మీ పాపదే కావాలి.