కొలువు బొమ్మకు రంగులు దిద్దడం – ఒక అభ్యాసకురాలి పాఠం

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. కొత్తపేటలోని మా ఇంట కొలువు పైమెట్టుపై దశావతారాల కొండపల్లి బొమ్మలు నిలుస్తాయి. అవి మా అత్తగారు కాపురానికి వచ్చిన నాడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. వాటిలో నరసింహమూర్తి రంగు పెచ్చులూడడంతో, సరిచేసే బాధ్యత నేను తీసుకున్నాను. కుంచె పట్టడం అదే మొదటిసారి. బజారులో దొరికిన ఎనామిల్ రంగును పాత రంగుపైనే దట్టంగా పూశాను. నేర్పరి చేతిలో పలికిన కనురేఖలు ఆ పూత కింద మునిగిపోయాయి. నేను మళ్లీ దిద్దిన కన్నులలో రౌద్రం లేదు. హిరణ్యకశిపుని చూసి స్వామియే బెదిరినట్లుంది. అత్తగారు బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈయన మన అంతర్వేది స్వామిలా లేడమ్మా" అని మాత్రం అన్నారు.

ఆ మాట నన్ను మూడేళ్లు కూర్చోబెట్టి నేర్పించింది. నేర్చుకున్న దానిని, ఇంటి బొమ్మలను బాగుచేయాలనుకునే భక్తుల కోసం ఇక్కడ నివేదిస్తున్నాను.

మొదటి మాట: పాత బొమ్మ మీద చేయి పెట్టకండి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలా బొమ్మలు తిరిగి వెలుగుతాయి. తడిగుడ్డ తగిలితే పాత నీటిరంగులు కరిగిపోతాయి. నేను నా తప్పును గరుకు కాగితంతో గీకబోతే కింది తెల్లపూత కూడా ఊడి వచ్చింది. పోయిన రేఖ మరి రాదు. కనుక అభ్యాసం కొత్త మట్టిబొమ్మల మీద, కాకుంటే కొబ్బరి చిప్పల మీద జరగాలి. మన సీమలో చిప్పలకు కొరత లేదు కదా!

కొండపల్లి బొమ్మ ఎలా రూపొందుతుందో తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి. తెల్ల పొణికి అనే తేలికైన కర్రను చెక్కి, సెగ చూపి తేమ పోగొడతారు. చేతులు, ఆయుధాలు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. నునుపు చేసి, సున్నపు తెల్లపూత పూసి, ఆ తరువాతే మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. ఈ తెల్లపూతను అలక్ష్యం చేయడమే కొత్తవారి ప్రధాన లోపం. పూత లేని కర్ర రంగును తాగేస్తుంది. పసుపు మట్టిగా, ఎరుపు గోధుమగా మారుతుంది.

రంగు పాలవలె పలుచగా ఉండాలి. ఒక్క దట్టపు పూత కన్నా రెండు మూడు పలుచని పూతలు మేలు. ఒకటి పూర్తిగా ఆరాకనే మరొకటి. ధనుర్మాసపు మంచులో, తోటల నీడలో మన ఇళ్లలో రంగు ఆలస్యంగా ఆరుతుంది. తొందరపడి ఎండలో పెడితే నెరియలు వస్తాయి. నేను మధ్యాహ్నపు వేళ, గాలి ఆడే వసారాలో నీడపట్టున ఆరబెడతాను.

కుంచెలు మూడు చాలు. అతి సన్నని కుంచె కొనడం కొత్తవారి మోజు; దానిలో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన వాడిగా ఉన్న మధ్యస్థపు కుంచె నయం. దానిని నీటిగిన్నెలో తలకిందులుగా వదిలితే మొన వంగిపోతుంది. బొమ్మను చేత్తో పట్టుకోక, బోర్లించిన స్టీలు గ్లాసుపై తడిమట్టితో నిలపండి. రెండు మణికట్లూ బల్ల అంచున ఆనితే వణుకు తగ్గుతుంది.

రంగుల పొందికను నేను జగ్గన్నతోటలో నేర్చుకున్నాను. కనుమనాడు పదకొండు గ్రామాల రుద్రులు ప్రభలపై అక్కడ కొలువుదీరడం మనందరం దర్శించేదే. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో రాష్ట్ర శకటంగా నడిచినది ఈ ప్రభల తీర్థమే. పొలంగట్టు మీద అల్లంత దూరాన ప్రభ కనబడగానే ఏ రంగు ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. జానెడు బొమ్మకూ అదే అవసరం. చిన్న రూపంపై దగ్గరి రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వస్త్రానికీ దేహానికీ నడుమ ముదురు గీత ఒకటి ఉండాలి.

కన్నులు చివరికి వదలాలి. విగ్రహ ప్రతిష్ఠలోనూ నేత్రోన్మీలనం చివరి ఘట్టాలలోనిదే. మన బొమ్మ ప్రతిష్ఠిత మూర్తి కాకపోయినా ఆ క్రమం పనికి అనుకూలం. ముందు పైరెప్ప గీత, తరువాత ఆ గీతను తాకుతూ నల్లగుడ్డు. గుడ్డు తెలుపు నడుమ విడిగా నిలిచిందా, చూపు బెదురుగా మారుతుంది. మా నరసింహునికి జరిగినది అదే.

ఇక బొమ్మ వీపు. గోడవైపు ఉండేదానిని ఎవరు చూస్తారని నేను వదిలేసేదానిని. ఒకనాడు ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని దర్శించాను. ఒకే శిలలో ముందు కేశవుడు, వెనుక మోహిని. ప్రదక్షిణగా వెనుకకు వెళ్లి, ఆ కొప్పు ముడిని, కురుల నునుపును చూసి సిగ్గుపడ్డాను. ఆ సాయంత్రమే పది బొమ్మల వీపులూ తిప్పి చూసుకున్నాను. పాత కళాకారుడు కూర్మమూర్తి వెనుక డిప్పపై గళ్లను ఒక్కటీ వదలకుండా దిద్ది ఉన్నాడు.

మొన్నటి సంక్రాంతికి నరసింహమూర్తిని తెల్లపూత నుంచి మళ్లీ దిద్దాను. అత్తగారికి ఇప్పుడు చూపు మందగించింది. బొమ్మను కిటికీ వెలుగులోకి తీసుకుని, జూలును వేలితో తడిమి, వెనుకకు తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, వరాహమూర్తి పక్కన తానే నిలిపారు. ఏమీ అనలేదు. కుడికన్ను ఇంకా కాస్త పెద్దదిగానే ఉంది.