తప్పు వేళ్లదా, విజిల్‌దా? చవకలో మంచి టిన్ విజిల్ ఎంచుకోవడం

టిన్ విజిల్ కొన్న చాలామంది దాన్ని వారం తిరక్కుండానే డ్రాయర్‌లో పడేస్తారు. ఊదితే కీచుమంటుంది, ఉన్నట్టుండి పై స్థాయికి ఎగిరిపోతుంది, కింద స్వరం అసలు నిలబడదు. అప్పుడు మనసులో వచ్చే మాటలు రెండే: "నాకు సంగీతం రాసిపెట్టి లేదు", లేదా "చవకది కొన్నాను కదా, ఇంతే". ఈ రెంటిలో ఏది నిజమో కనుక్కోవడానికి పది నిమిషాలు, కాస్త సెల్లోటేపు చాలు. ఆ పద్ధతి తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో కూడా దానంతటదే తెలుస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు పరిచయం. ఇది కుక్కర్ విజిల్ కాదు, పీటీ సార్ విజిల్ కూడా కాదు. ఆన్‌లైన్‌లో ఒట్టి "విజిల్" అని వెతికితే మాత్రం వచ్చేవి అవే. ఒక అడుగు పొడవున్న సన్నటి గొట్టం, ఆరు రంధ్రాలు, పైన నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్. టైటానిక్ సినిమా పాట మొదట్లో వినిపించే ఆ సన్నటి గాలి గొంతు దీనిదే. ఐర్లండ్ వాళ్లు దీన్ని ఫెడోగ్ స్టాయిన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే రేకు పిల్లనగ్రోవి. పేరు బాగుంది కానీ షాపులో ఆ పేరుతో అడిగితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఇక్కడ విజిల్ అనే రాస్తాను.

రేకు అని ఊరికే అనలేదు. ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో రాబర్ట్ క్లార్క్ అనే వ్యవసాయ కూలీ ఉండేవాడు. 1843లో ఆయన ఫ్యాక్టరీల ఊరైన మాంచెస్టర్‌కి వెళ్లి, తగరం పూసిన పల్చటి ఇనుప రేకుని చుట్టి విజిల్స్ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంటే ఇది ఖరీదైన వాయిద్యానికి చవక నకలుగా పుట్టింది కాదు. డబ్బు లేనివాళ్ల కోసం, డబ్బు లేనివాడు చేసిన వస్తువు. పెన్నీ విజిల్ అనే పేరు కూడా ఉంది. మేరీ బెర్గిన్ 1979లో తెచ్చిన ఆల్బమ్‌ని విజిల్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ పాఠంలా వింటారు. ఆ ఆల్బమ్ పేరుకి అర్థం కూడా ఒట్టి "టిన్ విజిల్స్" అనే. గిటార్‌లో చవకది కొంటే వేళ్లు నొప్పి పుడతాయి, వయొలిన్‌లో చవకది కొంటే ఇంట్లోవాళ్లు పారిపోతారు. విజిల్‌కి ఆ లెక్క వర్తించదు.

మరి ఒకే ధరకి వచ్చే రెండు విజిల్స్‌లో ఒకటి తియ్యగా, ఇంకొకటి కర్ణకఠోరంగా ఎందుకుంటుంది? కారణమంతా ఆ మౌత్‌పీస్‌లోనే ఉంది. మనం ఊదిన గాలి ఒక సన్నటి దారిలోంచి పల్చటి పట్టీలా బయటికొస్తుంది. ఎదురుగా ఉన్న చదరపు కిటికీ దాటి, అవతల ఉన్న పదునైన అంచుకి తగులుతుంది. అక్కడ ఒకసారి అంచుకి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. ఆ ఊపుకి గొట్టంలోని గాలి స్తంభం మోగుతుంది. వేణువులో ఈ గాలి పట్టీని మన పెదవులే తయారు చేస్తాయి, అందుకే మొదటి శబ్దం రావడానికే రోజులు పడుతుంది. విజిల్‌లో ఆ పని ప్లాస్టిక్ ముక్క చేసిపెడుతుంది. లాభం అదే, చిక్కూ అదే. ఆ దారిలో ప్లాస్టిక్ పోగు ఒకటి మిగిలినా, అంచు కాస్త పైకో కిందికో ఉన్నా పెదవులతో సరిదిద్దుకునే వీలు ఉండదు.

మోగేది గాలి, గొట్టం కాదు. అందుకే ఇత్తడిదా, నికెల్ పూతదా అని గంటలు గంటలు రివ్యూలు చూడటం నా దృష్టిలో టైమ్ వేస్ట్. లోహం చేతికి తగిలే తీరుని, బరువుని, చూపుని మారుస్తుంది. స్వరంలో తేడా ప్రధానంగా మౌత్‌పీస్ కొలతల నుంచి, గొట్టం లోపలి వెడల్పు నుంచి వస్తుంది. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. డి శ్రుతి విజిల్‌లో అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరం 587 హెర్ట్జ్. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. రెండు చివరలూ తెరిచి ఉన్న గొట్టంలో సగం తరంగం పట్టాలి కాబట్టి 343ని 587కి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 29 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కిటికీ అంచు నుంచి చివరి దాకా కొలిస్తే దానికంటే కొంచెం తక్కువే వస్తుంది, ఎందుకంటే గాలి స్తంభం గొట్టం చివర్ల దగ్గర కాస్త బయటికి కూడా సాగుతుంది.

ఏ శ్రుతి అన్న ప్రశ్నకి జవాబు ఒక్కటే: మొదటిది డి కొనండి. ఐరిష్ పాటలు ఎక్కువగా డి, జి శ్రుతుల్లో ఉంటాయి, ఈ రెండూ డి విజిల్ మీద తేలిగ్గా పలుకుతాయి. నేర్పే పుస్తకాలు, వీడియోలు కూడా దాదాపు అన్నీ దాని కోసమే. సి విజిల్ ఆఫర్‌లో ఉందని కొంటే వీడియోతో కలిపి వాయించలేరు. వాళ్లొక శ్రుతి, మీరొక శ్రుతి.

ఇక బ్రాండ్లు. క్లార్క్ ఒరిజినల్ ఇప్పటికీ పాత పద్ధతిలోనే, చుట్టిన రేకు, లోపల చెక్క దిమ్మతో వస్తుంది. గొట్టం కింది వైపుకి సన్నబడుతుంది. స్వరంలో గాలి శబ్దం కలిసి ఉంటుంది, వినడానికి నాకు చాలా ఇష్టం, కానీ ఊపిరి ఎక్కువ తాగుతుంది. అదే కంపెనీ స్వీట్‌టోన్‌కి గొట్టం అలాగే ఉండి మౌత్‌పీస్ ప్లాస్టిక్‌ది ఉంటుంది. దాన్ని మైకేల్ కోప్‌లాండ్ అనే అమెరికన్ విజిల్ తయారీదారు డిజైన్ చేశాడు. తక్కువ గాలితో మెత్తగా పలుకుతుంది. మొదటి విజిల్ ఏది అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మెగ్ అనేది దీని చవక రూపం. జనరేషన్ అనే ఇంగ్లిష్ బ్రాండు, ఫెడోగ్, వాల్టన్స్ అనే ఐరిష్ బ్రాండ్లు నిటారు గొట్టం, ప్లాస్టిక్ మౌత్‌పీస్‌వి. వీటి స్వరం శుభ్రంగా, చురుగ్గా ఉంటుంది. వేగంగా వాయించే ఐరిష్ డాన్స్ పాటలకి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే పీస్‌కీ పీస్‌కీ తేడా ఉంటుందన్న పేరు జనరేషన్‌కి బాగా ఉంది. ఒకటి అద్భుతంగా ఉంటే పక్కది మొండికేస్తుంది. వాల్టన్స్‌లోనే మెలో డి అనే రకానికి గొట్టం కాస్త వెడల్పు, కింది స్వరాలు నిండుగా వస్తాయి. సుసాటో అనే ప్లాస్టిక్ విజిల్ కూడా ఉంది. అది చాలా గట్టిగా మోగుతుంది, హాస్టల్లో ఉండేవాళ్లు రూమ్మేట్‌తో స్నేహం నిలవాలనుకుంటే ఆలోచించుకోండి.

చేతితో చేసే ఖరీదైన విజిల్స్‌లో మీరు డబ్బు పెట్టేది ముఖ్యంగా నమ్మకానికి: ప్రతి పీసూ ఒకేలా ఉంటుంది, శ్రుతి సరిచేసుకునే వీలుంటుంది. తియ్యదనం ధరతో పాటు అదే లెక్కన పెరగదు. ఇక్కడికి తెప్పించుకునేటప్పుడు ఒక్కోసారి విజిల్ కంటే షిప్పింగే ఎక్కువవుతుంది, అందుకని మొత్తం కలిపి చూసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఆర్డర్ పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, పైగా పీసులు పోల్చి చూసుకోవచ్చు.

సరే, విజిల్ చేతికొచ్చింది, కీచుమంటోంది. ఇప్పుడు అసలు పరీక్ష. మనం కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఏం చేస్తాం? అనుమానం ఉన్న ఫంక్షన్‌ని విడిగా తీసి టెస్ట్ చేస్తాం. ఇక్కడ అనుమానితులు ఇద్దరు, వేళ్లు, మౌత్‌పీస్. వేళ్లని పక్కన పెట్టేద్దాం. ఆరు రంధ్రాల మీదా సెల్లోటేపు గట్టిగా అంటించండి, అంచుల్లో గాలి బుడగలు లేకుండా నొక్కండి. వేడి టీని చల్లార్చడానికి ఊదే దానికంటే కూడా నెమ్మదిగా ఊదండి. కింది డి నిలకడగా, స్పష్టంగా వస్తే విజిల్‌లో దోషం లేదు. ఇంతసేపూ మీ వేలి కింద ఎక్కడో సందు ఉంది, అంతే. అలా కాకుండా టేపు వేసినా స్వరం వణుకుతూ, ఇంత నెమ్మదిగా ఊదినా పై స్థాయికి ఎగురుతూ ఉంటే అప్పుడు మౌత్‌పీస్‌ని అనుమానించండి.

కింద నుంచి ఒక్కో టేపే తీస్తూ ఊదండి. ఈ, ఎఫ్ షార్ప్, జి, ఎ, బి, సి షార్ప్ వరసగా రావాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుంటే ఏ స్వరం ఎటు జారుతోందో కనిపిస్తుంది. మళ్లీ అన్నీ మూసి, ఈసారి కాస్త గట్టిగా ఊదితే పై డి రావాలి. కింది డికి, పై డికి మధ్య తేడా యాప్‌లో సూది బాగా పక్కకి పోయేంత ఉంటే ఆ విజిల్‌తో ఎప్పుడూ తంటాలే. ఇంకొకటి, పై రంధ్రం తెరిచి, రెండు, మూడు మూసి, కింది మూడూ తెరిస్తే మామూలు సి పలకాలి. జి శ్రుతి పాటలన్నిటికీ ఈ స్వరమే దిక్కు, చవక విజిల్స్‌లో తప్పే స్వరం కూడా తరచుగా ఇదే. పై స్థాయి ఎ, బి స్వరాలకి మాత్రం గట్టిగానే ఊదాలి, అవి అరుస్తాయి. అది ఈ వాయిద్యం స్వభావం, లోపం కాదు. భయపడి సగం గాలితో ఊదితేనే కీచుమంటాయి.

వేళ్ల తప్పే అయితే మందు తేలిక. చాలామంది పెన్ను పట్టుకున్నట్టు వేలి కొసలతో మూస్తారు. కొస కాదు, కొస వెనక ఉన్న మెత్తటి భాగంతో, వేళ్లు చాపి మూయండి. గట్టిగా నొక్కక్కర్లేదు. తీసి చూస్తే వేలి మీద రంధ్రం గుర్తు గుండ్రంగా పూర్తిగా పడి ఉండాలి. సగం చంద్రుడు కనిపిస్తే సందు అక్కడే.

మౌత్‌పీస్ తప్పయితే ముందు దాన్ని లైటు వైపు పెట్టి గాలి దారిలోంచి చూడండి. అవతలి అంచు నిటారుగా, శుభ్రంగా కనిపించాలి. ప్లాస్టిక్ పోగు ఏదైనా ఉంటే గట్టి కాగితం ముక్కని లోపలికి పోనిచ్చి తియ్యండి. చాకు, బ్లేడు వద్దు, ఆ అంచు ఒకసారి చెడితే తిరిగి రాదు. జనరేషన్, ఫెడోగ్ రకాల్లో గాలి దారి నేల కింద చిన్న గుంత ఉంటుంది, అచ్చు పోసేటప్పుడు మిగిలిన ఖాళీ. గోడకి పోస్టర్లు అంటించే బ్లూ టాక్‌ని ఆ గుంతలో కూరి, పైభాగం నేలతో సమంగా చదును చేస్తే పై స్వరాలు చాలాసార్లు నెమ్మదిస్తాయి. విజిల్ వాయించేవాళ్లందరికీ తెలిసిన పాత కిటుకు ఇది. మౌత్‌పీస్ బయటికి తీయాలంటే బంక పట్టి ఉంటుంది. కాగిన నీళ్లు కాదు, వేడి నీళ్లలో కాసేపు ఉంచి మెల్లగా తిప్పితే వదులవుతుంది. వదులయ్యాక ఇంకో లాభం, మౌత్‌పీస్‌ని కొంచెం పైకి లాగితే శ్రుతి తగ్గుతుంది.

మన ఎండల్లో ఆ అవసరం బాగా పడుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే శబ్దవేగం పెరుగుతుంది, శ్రుతి కూడా డిగ్రీకి సుమారు 3 సెంట్ల చొప్పున పెరుగుతుంది. ఒక అరస్వరానికి 100 సెంట్లు. చల్లటి దేశంలో 20 డిగ్రీల దగ్గర సరిచేసిన విజిల్‌ని 35 డిగ్రీల గదిలో వాయిస్తే లెక్క ప్రకారం దాదాపు 45 సెంట్లు, అంటే సగం అరస్వరం పైకి పోవాలి. మన ఊపిరి ఎలాగూ గొట్టాన్ని వేడి చేస్తుంది కాబట్టి నిజంగా కనిపించే తేడా అంత ఉండదు, కానీ ఉంటుంది. యాప్‌లో అన్ని స్వరాలూ ఒకే మోతాదులో ఎక్కువ చూపిస్తే విజిల్‌ని తిట్టకండి. ఫ్యాన్ కింద కూర్చోండి, లేదా మౌత్‌పీస్ కొంచెం లాగండి.

మన సంగీతం దీని మీద పలుకుతుందా అని క్లబ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. కొంతవరకు. అన్నీ మూసిన డిని సా అనుకుంటే వచ్చేది శంకరాభరణం స్వరాలు. మోహనం, హంసధ్వని అర రంధ్రాల గొడవ లేకుండా వచ్చేస్తాయి. పై మూడు రంధ్రాలు మూసిన జిని సా అనుకుంటే హిందుస్తానీ బాన్సురి వేళ్ల పద్ధతికి దగ్గరవుతుంది, అప్పుడు సి షార్ప్‌తో కల్యాణి స్వరాలు, మామూలు సితో మళ్లీ శంకరాభరణం. స్వరాలు అంటున్నాను, రాగం అనడం లేదు. గమకాలకి కావలసిన జారుడు, ఒత్తిడి ఈ చిన్న రంధ్రాల మీద, కదలని మౌత్‌పీస్ మీద కష్టం. తోడి వాయించాలని ఉంటే విజిల్ కొనకండి, వెదురు వేణువు కొనుక్కుని మంచి గురువుని వెతుక్కోండి.

చివరగా, అరగంట వాయించాక స్వరం ఉన్నట్టుండి మూసుకుపోతుంది. అది పాడవడం కాదు, ఊపిరిలోని తడి గాలి దారిలో చుక్కలుగా చేరింది. ఏసీ గదిలో ఇది ఎక్కువ. కిటికీని వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే చుక్క బయటికి పోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే గిన్నెలు కడిగే లిక్విడ్ సబ్బు ఒక చుక్క నీళ్లలో కలిపి గాలి దారిలో పోసి, కడగకుండా ఆరనివ్వండి. తడి చుక్కలుగా ముద్ద కట్టకుండా పల్చగా పరుచుకుంటుంది. మొదటి రెండు నిమిషాలు నిమ్మకాయ వాసన మాత్రం వస్తుంది.