కృపయు విధేయతయు
(చదువవలసిన భాగములు: ఎఫెసీయులకు 2:8–10, తీతుకు 2:11–14)

ప్రియులారా, కృపచేత రక్షింపబడితిమి గదా, ఇక ఆజ్ఞలతో పనియేమి అని కొందరందురు. దోషభారముచేత ప్రభువు బల్లకు రాక వెనుక వరుసలోనే కూర్చుండిపోవువారును మన సంఘములలో కలరు. ఈ యిరువురికిని వాక్యము ఒక్కటే మార్గము చూపుచున్నది.

మన కొల్లేటిని చూడుడి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిని నింపుచున్నవి. ఆ నీటికై కొల్లేరు వెల యిచ్చినది లేదు. కృపయు అట్టి వరమే. యోగ్యుడనైన తరువాత వత్తుననువాడు దీనిని మరచెను.

అయితే వచ్చిన నీరు ఉప్పుటేరుగుండ సముద్రమునకు సాగవలెను. దారి పూడినయెడల వరదకాలమున చుట్టుపట్ల చేలు మునుగును. సరస్సులో చేపలచెరువులకై వేసిన గట్లు నీటి నడకకు అడ్డమగుటచే 2006 సంవత్సరమున వాటిలో అనేకము కొట్టివేయబడినవి. గట్టు కొట్టినందున నీరు పుట్టదు. ఉన్న నీటికి దారి దొరకును.

విధేయతయు అంతే. అది కృపను సంపాదింపదు. కృపకు దారి యిచ్చును. పౌలు చెప్పిన వరుసను గమనింపుడి: ముందు రక్షణ, తరువాత సత్క్రియలు. తీతు పత్రికలోనైతే మనకు బోధించునది కృపయే.

కాబట్టి ఈ నెలలో మనము ఒక్కొక్కరము మన గట్టును వెదకికొందము. తోడబుట్టినవాని పొలము గట్టు జరిపితిమా? కూలివాని కూలి నిలిపితిమా? తిరిగి యిచ్చివేయుదము, క్షమాపణ సంపాదించుటకు కాదు, క్షమింపబడితిమి గనుక. వెనుక వరుసలోని సహోదరీ, సహోదరుడా, ముందుకు రండి. ఆ బల్ల ప్రభువుది.