నావికుల తెల్లబట్టల వెనుక ఏముంది?

అండమాన్‌లోని శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) మిన్నీ బే దగ్గర ఐఎన్ఎస్ జరావా ఉంది. ఇది 1964లో ఏర్పడిన భారత నౌకాదళ స్థావరం. భూమధ్యరేఖకు 12 డిగ్రీల లోపే ఉన్న ఈ తీరంలో ఎండకు తోడు ఉక్కపోత. నావికుల తెల్ల యూనిఫాం ఇలాంటి చోట అందం కోసం మాత్రమే కాదు.

తెలుపు ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది. కానీ సముద్రం పక్కన అసలు చిక్కు తేమతోనే. గాలిలో నీటి ఆవిరి ఎక్కువగా ఉంటే చెమట త్వరగా ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వదులైన బట్ట అయితే, కదిలినప్పుడల్లా కొలిమితిత్తిలా పనిచేసి లోపలి తడిగాలిని బయటికి నెడుతుంది. పాతకాలపు నావికులు వెడల్పు కాళ్ల ప్యాంట్లు వేసుకోవడంలో మరో సౌకర్యమూ ఉంది: డెక్ కడిగేటప్పుడు వాటిని మోకాళ్ల పైకి సులువుగా మడుచుకోవచ్చు.

బ్రిటిష్ నౌకాదళం మామూలు నావికులకు ఒకే రకం దుస్తులు నిర్ణయించింది 1857లోనే. కాలర్‌పై మూడు తెల్ల గీతలు నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకు గుర్తు అంటారు. వినడానికి బాగుంటుంది, ఆధారం మాత్రం లేదు. మెడలోని నల్ల రుమాలు ఆయన మృతికి సంతాపమన్నదీ అంతే. 1805లో ఆయన చనిపోవడానికి ముందు నుంచే నావికులు దాన్ని కట్టుకునేవారు, చెమట పీల్చడానికి.

ఓడ మీద బట్టను ఎంచుకోవడం ప్రాణాలతో ముడిపడిన విషయం. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో క్షిపణి దెబ్బకు ఓడలు అంటుకున్నప్పుడు బ్రిటిష్ నావికులకు ఇది అనుభవమైంది. నూలు బట్ట కాలుతుందే తప్ప కరగదు.