హాలీ రూపాయి అసలుదేనా?

విద్యార్థులారా! మీ నాయనమ్మ పెట్టె అడుగున చార్మినారు బొమ్మ గల వెండి రూపాయి ఉన్నదేమో అడిగి చూడండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాదు రాజ్యంలో ఉన్న రోజుల్లో ఇక్కడ చెలామణి అయినది ఈ హాలీ సిక్కాయే. బ్రిటిషువారి రూపాయిని కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానంగా ఉండేవి. 1950లలో హాలీ సిక్కా రద్దయింది. ఇప్పుడు నాణేలు సేకరించేవారు దాన్ని వెతికి మరీ కొంటున్నారు. అందువల్ల నకిలీలు కూడా వచ్చాయి. మీరు దాచుకున్న డబ్బుతో ఒకటి కొనబోతే ఎలా పరీక్షిస్తారు?

వెనకటి షావుకార్లు రూపాయిని బండమీద మోగించి చూసేవారు. మంచి పరీక్షే గాని, పగులు ఉంటే అసలు రూపాయి కూడా సరిగా మోగదు. అయస్కాంతం ఇనుమును పట్టిస్తుందే తప్ప రాగిని, ఇత్తడిని, జర్మన్ సిల్వర్‌ను పట్టించదు. పైగా 1947 నాటి కల్దారు రూపాయి నికెల్‌ది. అది అసలుదైనా అయస్కాంతానికి అంటుకుంటుంది!

ఇక తూకం. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి. అయితే చేతులు మారి అరిగిన రూపాయి 10.6 గ్రాములే తూగవచ్చు. నకిలీని సరిగ్గా 11.18 గ్రాములకే పోయవచ్చు. కనుక తూకం ఒక్కటే చాలదు. అరిగినా మారనిది సాంద్రత.

గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు తీసుకోండి. ముందు నాణేన్ని తూచండి. తరువాత త్రాసుమీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి. నీరు నాణేన్ని పైకి నెడుతుంది. అంతే బలంతో నాణెం నీటిని కిందికి నెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఆ బలం నాణెం తొలగించిన నీటి బరువుకు సమానం. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము కనుక త్రాసు చూపే గ్రాములే నాణెం ఘనపరిమాణం.

అసలు హాలీ రూపాయికి త్రాసు 1.10 చూపాలి. 11.18ని 1.10తో భాగిస్తే 10.2 వస్తుంది. అదే బరువు గల జర్మన్ సిల్వర్ బిళ్ల సుమారు 1.30 చూపుతుంది. సాంద్రత 8.6 మాత్రమే! అరిగిన 10.6 గ్రాముల అసలు రూపాయి 1.04 చూపుతుంది. భాగించి చూడండి, మళ్లీ 10.2 వస్తుంది. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. దారాన్ని కాస్త కదిపి బుడగను వదిలించాలి.

సాంద్రత తక్కువైనంత మాత్రాన నకిలీ అని తేల్చకండి. రెండో ప్రపంచయుద్ధం నాటి రూపాయల్లో వెండి సగానికి తగ్గింది. 1940 కల్దారు సాంద్రత సుమారు 9.5. కాబట్టి ముందు సంవత్సరం చూడాలి. హాలీ నాణెంమీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది. 1337 అంటే 1918-19.

లోహం తేలాక నాణెం స్థితి చూడండి. ఎత్తుగా ఉన్న గీతలు ముందు అరుగుతాయి. చార్మినారు ద్వారంలోని అక్షరం స్పష్టంగా ఉన్నదా? అది మీమ్ అయితే మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాటిది, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. నల్లబడిందని చింతపండుతో తోమకండి! ఆ నలుపు గాలిలోని గంధక వాయువులవల్ల ఏర్పడిన వెండి సల్ఫైడు. తోమితే సన్నని గీతలు పడతాయి, సేకరించేవారు ధర తగ్గిస్తారు.

అంచున టంకం మచ్చ ఉంటే ఆ రూపాయి ఒకప్పుడు కొక్కెంతో హారంలో ఉన్నదన్నమాట. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ స్త్రీలు ఇటువంటి రూపాయల హారాలు ధరించేవారు. హారం మొత్తంగా దొరికితే దాన్ని విడగొట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. విడి నాణేనికైతే వెండి విలువ లెక్కకట్టండి. 11.18లో 81.8 శాతం అంటే 9.14 గ్రాములు. దాన్ని ఆనాటి పత్రికలోని గ్రాము వెండి ధరతో గుణించండి. టంకం మచ్చ ఉన్న సాధారణ రూపాయికి అంతకుమించి పెద్దగా ఇవ్వనక్కరలేదు.