మురుగుకాలువలోని మృత్యువాయువు

దబీర్‌పురా దర్వాజా పరిసర వీథులలో నడచునపుడు మన పాదములక్రింద మ్యాన్‌హోలుల మూతలు తగులుచుండును. వాని యడుగున పట్టణపు మురుగునీరు పాఱుచుండును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులు మృతినొందిన పిమ్మట, నిజాము ప్రభుత్వమువారు శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. వఱదలను నిలుపు జలాశయములతోపాటు మురుగుకాలువల యేర్పాటునుగూడ ఆయన సూచించెను. ఇట్టి కాలువలవలన మన యారోగ్యము బాగుపడినది. కాని యవి పూడినపుడు లోనికి దిగువాని గతి యేమి? ఈ పాఠమున మేము దానినే విచారింపదలచితిమి.

మలినపదార్థములు గాలి సోకనిచోట కుళ్లునపుడు హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. కుళ్లిన కోడిగ్రుడ్ల వాసనగలదని రసాయనశాస్త్రములో చదివిన వాయువిదియే. గాలికంటె బరువైనదగుటచే గుంత యడుగున నిలుచును. పదిలక్షలపాళ్ల గాలిలో ఒక్కపాలున్నను దీని వాసన తెలియును. నూఱుపాళ్లు దాటినచో ముక్కు మొద్దుబాఱి వాసనయే తెలియకుండును. అంతట గండము గడచెనని తలంచుట ప్రాణాంతకమగు పొరపాటు. వేయిపాళ్లకు చేరినచో ఒకటిరెండు ఊపిరులలోనే మనుష్యుడు కూలును. దీనికితోడు ప్రాణవాయువు కొఱవడవచ్చును. మండెడు మీథేనుగూడ ఉండవచ్చును. కావున పాడుబావిలో దీపము దింపి చూచు పూర్వపుటలవాటు ఇచట తగదు. మీథేను అంటుకొని ప్రేలును.

ముక్కునకు గుడ్డ కట్టుకొన్న చాలదా యని కొందఱడుగుదురు. గుడ్డ ధూళి నాపును గాని వాయువు నాపదు. మందు నింపిన మాస్కు కొన్ని విషవాయువులను పీల్చుకొనును గాని లేని ప్రాణవాయువును కల్పింపజాలదు. గొట్టము ద్వారానో సిలిండరు నుండియో మంచిగాలి నందించు సాధనమే ఇచట రక్షణ. చేతితొడుగులు, బూట్లు రోగములనుండి కాపాడును. అవియు అవశ్యకములే, కాని ఊపిరి నీయవు.

ఈ గుంతలలో మఱియొక ఘోరము కలదు: రక్షింపబోయినవాడును చచ్చుచున్నాడు. 1895 జూలై 1వ తేదీన లండను నొద్ద ఈస్ట్ హామ్ మురుగునీటి కర్మాగారములో ఒకడు కూలగా, వానిని కాపాడ దిగిన నలుగురును మరణించిరి. 2016 ఆగస్టులో మన మాదాపూరునందు ముగ్గురు పనివారితోపాటు, వారిని రక్షింపబోయిన డ్రైవరును ప్రాణము గోల్పోయెను. వారి దయ గొప్పది. తెలియనిది వాయువు స్వభావమే.

కనుక మొదటి రక్షణ, మనుష్యుని దింపకుండుటయే. 2017లో హైదరాబాదు జలమండలి ఇఱుకుసందులలో దూరగల 70 చిన్న జెట్టింగ్ యంత్రములను పనిలో పెట్టినది. దిగుట తప్పనిచో మూతలు ముందుగా తెఱచి, ఫ్యానుతో గాలి యాడించి, మీటరుతో పైన, నడుమ, అడుగున వాయువును పరీక్షింపవలెను. దిగువాని దేహమునకు పట్టాలు బిగించి, త్రాటిని ముక్కాలిపీటకు తగిలించి, పైన కావలివాని నిలుపవలెను. అప్పుడు ఎవ్వరును దిగకయే వానిని పైకి లాగవచ్చును.

రక్షణసాధనములు లేక మనుష్యుని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. ఇట్టి మరణమునకు 30 లక్షల రూపాయల పరిహార మీయవలెనని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఈ వృత్తి నిర్మూలనమునకై పాటుపడిన శ్రీ బెజవాడ విల్సన్‌గారు 2016లో మెగసెసే బహుమానము నందిరి. అయినను పరిహారము తండ్రిని తిరిగి తేజాలదు.

తలిదండ్రులారా, మీ యింటి సెప్టిక్ ట్యాంకులోనికి కూలికొఱకు ఎవనినిగాని దింపకుడు, యంత్రమును పిలిపింపుడు. విద్యార్థులారా, గుంతలో ఒకడు పడినచో మీరు దిగకుడు. కేకలు వేసి జనులను దూరముగా నిలిపి, 101కిని 108కిని ఫోను చేయుడు. పొరుగువానిని ప్రేమించుటయనగా వాని ఊపిరిని మన ఊపిరివలె కాపాడుటయే యని మేము నమ్ముచున్నాము.